వారంటీ అయిపోయిన లాప్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్చాలంటున్నారు, మార్పించాలా?

వారంటీ అయిపోయిన రెండు నెలలకే లాప్‌టాప్ ఆగిపోయిందనీ, సర్వీస్ సెంటర్ వాళ్లు మదర్‌బోర్డు (లోపలి భాగాలన్నీ కలిసే పెద్ద బోర్డు) మార్చాలి, ముప్పై వేలవుతుందన్నారనీ రాశారు. దయచేసి తొందరపడి డబ్బు కట్టకండి. 2022లో నాకూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది హనుమకొండ. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. లాప్‌టాప్ కొని అప్పటికి పద్నాలుగు నెలలు. ఒక రాత్రి ప్రశ్నపత్రం టైప్ చేస్తుంటే టక్కున ఆగిపోయింది. ఛార్జర్ పిన్ను గుచ్చగానే ఛార్జర్ మీదున్న చిన్న లైటు కూడా ఆరిపోయేది, పీకితే మళ్లీ వెలిగేది. అసలు జబ్బేమిటో ఆ లైటే చెబుతోందని నాకప్పుడు తెలియదు. సర్వీస్ సెంటర్‌లో నాలుగు రోజులు ఉంచుకుని, బోర్డు పోయింది, 31 వేలు అన్నారు. అందులో నేను తెలుగులో టైప్ చేసుకున్న పేపర్లన్నీ ఉన్నాయి. డేటాకి మా బాధ్యత లేదని కాగితం మీద సంతకం అడిగేసరికి ఏడుపొచ్చింది.

అక్కడి కుర్రాణ్ణి తప్పుపట్టను. కంపెనీ సెంటర్లలో మామూలుగా బోర్డుకి బోర్డే మారుస్తారు, బోర్డు మీద ఒక్కో భాగాన్ని వెతికి బాగుచేసే పని పెట్టుకోరు. ఆ పనిని బజార్లో చిప్ లెవెల్ రిపేర్ అంటారు. సంతకం పెట్టకుండా లాప్‌టాప్ వెనక్కి తీసుకుని, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. మూడు షాపులు తిరిగాను. మూడో అతను మాత్రం, "కూర్చోండి మేడమ్, మీ ముందే విప్పుతా" అన్నాడు.

బోర్డు బయటికి తీసి, ఛార్జర్ కరెంటు వచ్చే దారిలో మల్టీమీటర్ (కరెంటు కొలిచే పరికరం) పెట్టగానే బీప్ మంది. అంటే ఎక్కడో షార్ట్ అయి కరెంటు తిన్నగా గ్రౌండ్‌కి పోతోంది, అందుకే ఛార్జర్ తనను తాను ఆపేసుకుంటోంది. ఛార్జర్ ఇచ్చే 19 వోల్టులు కాకుండా ఒక్క వోల్టు మాత్రం పంపి, బోర్డు మీద ఆల్కహాల్ పూశాడు. షార్ట్ ఉన్నచోట వేడెక్కుతుంది కాబట్టి, ఒక్కచోట మాత్రం తడి చిటికెలో ఆరిపోయింది. అక్కడ నువ్వుగింజలో సగం కూడా లేని కెపాసిటర్, అంటే కరెంటుని నిలకడగా ఉంచే చిన్న భాగం ఉంది. వేడి గాలితో దాన్ని లేపేసి మళ్లీ మీటర్ పెడితే బీప్ రాలేదు. అలాంటిదే ఇంకోటి అతికించాడు. 2,500 తీసుకున్నాడు, మూడు నెలల గ్యారంటీ రాసిచ్చాడు. ఆ లాప్‌టాప్ మీదే ఇది టైప్ చేస్తున్నాను.

అన్నీ ఇలాగే బాగవుతాయని చెప్పను. నీళ్లు పడి బోర్డంతా చిలుము పట్టినా, ప్రాసెసరే పోయినా ఖర్చు దండగే. కానీ ఆ మాట బోర్డు విప్పి, మీటర్ పెట్టి చూసినవాళ్లు చెప్పాలి.

షాపుకి వెళ్లేముందు ఇంట్లో ఒకటి చేసి చూడండి. ఛార్జర్ తీసేసి పవర్ బటన్‌ని ముప్పై సెకన్లు నొక్కిపట్టి, తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. కొన్నిసార్లు అంతటితోనే లేస్తుంది. ఫ్యాన్ తిరుగుతూ బొమ్మ రాకపోతే టీవీకి హెచ్‌డీఎంఐ వైరు తగిలించి చూడండి, పోయింది స్క్రీనే కావచ్చు. బ్యాటరీ ఉబ్బి అడుగు మూత లేచి ఉంటే మాత్రం ఇవేమీ చేయకండి, ఛార్జింగ్ పెట్టకుండా జాగ్రత్తగా షాపుకి తీసుకెళ్లండి.

డేటా సంగతి ఇంకా ముఖ్యం. విండోస్ 11 ఉన్న చాలా లాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే బిట్‌లాకర్, అంటే ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు, ఆన్ అయి ఉంటుంది. బోర్డు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు రావు, ఎవరూ తెరవలేరు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ కీ ఉందేమో ఇవాళే చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ విడిగా ఊడివచ్చే రకమైతే, దాన్ని తీసి మీ దగ్గరే ఉంచుకుని లాప్‌టాప్ ఇవ్వండి.

లాప్‌టాప్ వదిలి రావాల్సి వస్తే సీరియల్ నంబర్, జబ్బు, అంచనా ఖర్చు రాసిన రసీదు తప్పక తీసుకోండి. పాత భాగాలు తిరిగి ఇమ్మనండి.

ఇంకో మాట. వారంటీ ఉండగానే ఇదే కంప్లైంట్‌తో ఒకసారైనా వెళ్లారా? వెళ్లి ఉంటే సర్వీస్ సెంటర్ వాళ్లు అప్పుడిచ్చిన జాబ్ షీటు (రిపేరు వివరాల కాగితం) వెతకండి. అప్పుడే సరిగా చేయలేదని కంపెనీకి మెయిల్ పెట్టండి, పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు ఉండదు, కానీ ఫిర్యాదుకి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు దాటకముందే వెళ్లాలి.

ముందు మీ ఛార్జర్ లైటు ఏం చేస్తోందో చూసి, మోడల్ పేరుతో సహా కింద రాయండి. మీది ఏ ఊరో కూడా చెబితే, అక్కడ చిప్ లెవెల్ పని చేసేవాళ్లు తెలిసినవారు ఇక్కడ ఎవరైనా ఉండొచ్చు.