మూర్ఛకు కండరానికి సూది వేస్తే చాలునా?

ప్రశ్న: మా మామయ్యగారికి మూర్ఛ ఆగకపోతే అంబులెన్సు సిబ్బంది నరానికి కాక కండరానికి సూది వేశారు. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: సరైనదేనమ్మా. 2012లో వెలువడిన రాంపార్ట్ అనే అమెరికా పరిశోధనలో, ఐదు నిమిషాలు దాటినా మూర్ఛ ఆగని 893 మందికి అంబులెన్సు సిబ్బందే మందు ఇవ్వగా, ఆసుపత్రి చేరేసరికి మరో మందు అవసరం లేకుండా మూర్ఛ ఆగినవారు కండరానికి మిడజోలం పొందినవారిలో 73 శాతం, నరానికి లోరజెపాం పొందినవారిలో 63 శాతం. కొట్టుకుంటున్న చేతిలో నరం వెతకడానికే సమయం పోతుంది. పంటు దాటి రావలసిన లంక గ్రామాలకు ఆ నిమిషాలు మరీ విలువైనవి. అయితే రక్తంలో చక్కెర పడిపోయినా మూర్ఛ రావచ్చు కనుక సిబ్బంది దానినీ పరీక్షించాలి. మీరు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూర్ఛ ఎంతసేపు ఉన్నదో గడియారం చూసి వారికి చెప్పండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం వల్ల (మన వైపు ఇంకా పోలేదు) ఒరిగేదేమీ లేదు.