అమెరికా ఫ్రటర్నిటీల్లో సభ్యులు మారిపోతుంటే ఇంటి అప్పు ఎవరు తీరుస్తారు?

ఫ్రటర్నిటీ అంటే కాలేజీ అబ్బాయిల సంఘం; సభ్యులు తరచుగా ఒకే ఇంట్లో కలిసి ఉంటారు. సొంత ఇల్లున్న చాలా ఫ్రటర్నిటీల్లో అప్పు చదువుకుంటున్న విద్యార్థుల పేర ఉండదు. పూర్వ సభ్యులు నడిపే హౌస్ కార్పొరేషన్ అనే వేరే సంస్థ ఆ అప్పు తీసుకుని, విద్యార్థులు కట్టే అద్దెతో తీరుస్తుంది. సభ్యుడు సుమారు నాలుగేళ్లకు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు, కోశాధికారి తరచుగా ఏడాదికే మారతాడు, అప్పు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది కనుక, ఆస్తినీ దీర్ఘకాలపు లెక్కలనూ స్థిరంగా ఉండేవారి చేతిలో పెట్టడం అవసరమైంది. చందాల వసూలు, జాతీయ కార్యాలయానికి కట్టే రుసుము, కార్యక్రమాల ఖర్చు విద్యార్థుల శాఖ చూసుకుంటుంది.

ఉదాహరణకు, 40 మంది ఉండే ఇంట్లో తలకు ఏడాదికి 6,000 డాలర్ల అద్దె అనుకుంటే 2,40,000 డాలర్లు వస్తాయి. కొత్తవారు తగ్గి 28 మందే మిగిలితే రాబడి 1,68,000కు పడిపోతుంది, కానీ అప్పు వాయిదా గానీ బీమా గానీ ఆ మేరకు తగ్గవు. పైకప్పు మరమ్మతు ఏటికేడు వెనక్కి జరిగేది ఇలాంటప్పుడే. బాగా నడిచిన ఏళ్లలో కొంత నిల్వ వేయడం అందుకే తప్పనిసరి.

ఫ్రటర్నిటీ లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి దానికిచ్చే విరాళంపై దాతకు పన్ను మినహాయింపు వస్తుందని చాలామంది పొరబడతారు. అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 501(సి)(7) కింద అది సామాజిక క్లబ్బు మాత్రమే: సభ్యుల చందాలపై పన్ను లేకపోయినా, బ్యాంకు వడ్డీపై సాధారణంగా ఉంటుంది, దాతకు మినహాయింపు రాదు. అదే చట్టం కింద ధార్మిక, విద్యా సంస్థలకు దక్కే 501(సి)(3) గుర్తింపు ఉన్న ఫౌండేషన్‌కు, స్కాలర్‌షిప్‌ల వంటి విద్యావసరాల కోసం ఇచ్చిన సొమ్ముకే ఆ వెసులుబాటు వర్తిస్తుంది.