రిటైరైన అణు జలాంతర్గామిని మామూలు ఓడలా తుక్కుకు ఎందుకు అమ్మేయలేరు?

అడ్డంకంతా రియాక్టర్‌దే. ఇంధనం తీసేసినా పని అయిపోదు. ఏళ్ల తరబడి న్యూట్రాన్లు తాకడంతో రియాక్టర్ ఉక్కు కూడా రేడియోధార్మికంగా మారిపోతుంది.

అమెరికాది సూటైన పద్ధతి. బ్రెమర్టన్ షిప్‌యార్డులో ఇంధనం తీసి, రియాక్టర్ ఉన్న భాగాన్ని అడ్డంగా కోసి, రెండు చివరలూ ఉక్కుతో మూసేస్తారు. దాన్ని బార్జి (సరుకు మోసే చదునైన పడవ) మీద కొలంబియా నది గుండా హాన్‌ఫర్డ్ అనే అణు వ్యర్థాల స్థలానికి చేర్చి పెద్ద కందకంలో పెడతారు. అలాంటివి అక్కడ వందకు పైనే ఉన్నాయి.

బ్రిటన్ మాత్రం వాయిదా వేస్తూ వచ్చింది. 1980 నుంచి 20 జలాంతర్గాములు రిటైరైతే, 2019 నాటికి ఒక్కదాన్నీ పూర్తిగా విడగొట్టలేదని వాళ్ల ఆడిట్ సంస్థే తేల్చింది. అప్పటికి తొమ్మిదింటిలో ఇంధనం అలాగే ఉండిపోయింది.

వాయిదా ఎంత ప్రమాదమో రష్యాలో చూశాం. 1989లో పక్కన పెట్టిన కె-159 అనే అణు జలాంతర్గామికి తుప్పు పట్టింది. 2003 ఆగస్టులో తేలడానికి పాంటూన్లు కట్టి లాక్కెళ్తుంటే తుఫానుకు అవి తెగిపోయాయి. దాదాపు 800 కిలోల వాడిన ఇంధనంతో అది బారెంట్స్ సముద్రంలో మునిగింది. అందులో ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయారు. అంత పాడైన నౌకలోకి మనుషుల్ని ఎక్కించడమే నా దృష్టిలో క్షమించరాని తప్పు.