టెక్ సందేహాలు: కోడ్ వచ్చింది కదా అని పంపు మార్చేయకండి

సందేహం: నాది 2011 స్విఫ్ట్ పెట్రోలు బండి, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా పికప్ లేదు. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కితే జర్కులిస్తూ మిస్సింగ్ కొడుతోంది. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్‌లు చదివే పరికరం) కొని ఫోన్‌కి కలిపితే పి0302, పి0171 అని రెండు కోడ్‌లు వచ్చాయి. చెరిపేస్తే రెండు రోజులకే మళ్లీ ప్రత్యక్షం. మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నాడు, పక్కింటాయన ఈ20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిపింది) వల్లే అంటున్నాడు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ముందు మీ స్కానర్ ఏం చెబుతోందో చూద్దాం, ఎందుకంటే అది పంపు పేరు ఎక్కడా ఎత్తలేదు. పి0302 అంటే రెండో సిలిండర్ సరిగా మండటం లేదని. చివరి అంకే సిలిండర్ నంబరు. పి0171 అంటే ఇంజన్‌లోకి వెళ్తున్న గాలికి తగినంత పెట్రోలు అందట్లేదని కంప్యూటర్ అనుకుంటోందని. 'అనుకుంటోంది' అని ఎందుకన్నానంటే, అసలు తిరకాసంతా అక్కడే ఉంది. ఒక సిలిండర్‌లో నిప్పురవ్వ సరిగా పడకపోతే అందులోని ఆక్సిజన్ ఖర్చు కాకుండా అలాగే పొగ గొట్టంలోకి వచ్చేస్తుంది, దాన్ని చూసిన ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలు తక్కువైందని పొరబడుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోయిస్తుంది. అంటే కోడ్‌లు రెండు కనిపిస్తున్నా జబ్బు ఒకటే అయ్యుండొచ్చు.

పక్కింటాయన మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. మీ బండి ఈ20 కోసం తయారైంది కాదు, నిజమే, మైలేజీ కొంత పడిపోతుంది, పాత రబ్బరు గొట్టాల మీదా ఓ కన్నేసి ఉంచాలి. కానీ పెట్రోలు నాలుగు సిలిండర్లకీ ఒకే ట్యాంకు నుంచి వెళ్తుంది కదా, పెట్రోలుదే తప్పయితే రెండోదొక్కటే ఎందుకు మొరాయిస్తుంది? పంపు సంగతీ అంతే.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మీ ఇంజన్‌లో ప్రతి ప్లగ్గు మీదా విడిగా ఒక ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులో నిప్పురవ్వకి కరెంటు ఇచ్చేది) ఉంటుంది. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక, రెండో కాయిల్‌ని మూడో దాని చోట, మూడోదాన్ని రెండో దాని చోట పెట్టండి (లెక్క బెల్టు వైపు నుంచి మొదలవుతుంది). కోడ్ చెరిపేసి అదే ఫ్లైఓవర్ ఎక్కండి. ఈసారి పి0303 వస్తే దొంగ కాయిలే. మళ్లీ పి0302 వస్తే ప్లగ్గుల్ని అలాగే అటూ ఇటూ మార్చి చూడండి. అసలు ప్లగ్గులు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే నాలుగూ కొత్తవి వేసేయండి, వాదన ఎందుకు! అప్పటికీ రెండో సిలిండరే గోల చేస్తుంటే ఇంజెక్టరో (పెట్రోలు చిమ్మేది) కంప్రెషనో (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి, అది మెకానిక్ పని.

మిస్సింగ్ పోయి పి0171 మాత్రం మిగిలిపోతే అప్పుడు యాప్‌లో లైవ్ డేటా తెరిచి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూడండి. ప్లస్ లేదా మైనస్ పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ప్లస్ ఇరవై దాకా ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి లేపగానే దిగిపోతే ఎక్కడో వాక్యూమ్ గొట్టం చిరిగి దొంగగాలి పీలుస్తూ ఉండొచ్చు. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి బరువు పడ్డప్పుడు పెరుగుతుంటే, ఇదిగో ఇప్పుడు పంపు, ఫిల్టరు వంతు. నా పాత కారుకి ఈ తేడా తెలియక పంపు మార్పించాను, చివరికి పోయింది చిటికెన వేలంత రబ్బరు గొట్టం. ఆ బిల్లు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

యూట్యూబ్ చూసి ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలి ఎంతో కొలిచేది) శుభ్రం చేయబోకండి. మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి అది ఉండదు, గాలి ఒత్తిడి కొలిచే ఎంఏపీ సెన్సర్‌తోనే పని నడుస్తుంది.

ఇంకోటి, కోడ్ చెరిపే ముందు 'ఫ్రీజ్ ఫ్రేమ్' స్క్రీన్‌షాట్ తీసుకోండి. తప్పు జరిగిన క్షణంలో ఆర్‌పీఎమ్, వేడి, లోడు ఎంతున్నాయో అందులో ఉంటుంది, చెరిపితే అదీ పోతుంది. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే బండి నెమ్మదిగా నడుపుకోవచ్చు, కొట్టుకుంటూ వెలిగితే మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి, మండని పెట్రోలు వెళ్లి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. దాని ధర ముందు కాయిల్ ధర ఏపాటిది!

సందేహం: అదే స్కానర్ మా అబ్బాయి ఐఫోన్‌లో కనబడట్లేదు. పాడైందా?

జవాబు: లేదు. చవక రకాల్లో చాలావరకు పాత తరహా బ్లూటూత్‌వి, ఆండ్రాయిడ్‌తోనే కలుస్తాయి. ఐఫోన్‌కి బ్లూటూత్ ఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త తరహా బ్లూటూత్) లేదా వైఫై రకం కొనాలి. పని అయ్యాక స్కానర్‌ని పోర్టు నుంచి పీకేయండి, రోజుల తరబడి ఉంచితే బ్యాటరీ తాగేస్తుంది, పైగా వీటి పిన్ ఎక్కువగా 1234యే, దగ్గర్లో ఉన్న ఎవరైనా తమ ఫోన్ కలిపేయొచ్చు.