ఏరువాకలో ఏరు నీటిది కాదు

సందేహం: మాది కోవూరు దగ్గర పల్లె. ఏరు అన్నా, వాక అన్నా నీళ్లు పారేదే కదా! జ్యేష్ఠ పున్నమి నాటికి మా పెన్నలో ఎక్కడ చూసినా ఇసకే. పెద్ద వానలు మాకు ఆశ్వయుజ, కార్తీకాల్లో పడతాయి. మరి ఆ పున్నమిని ఏరువాక అని ఎందుకంటారు? నెల పేరు 'జేష్టం' అని రాస్తే తప్పా?

సమాధానం: ఎండిన పెన్నను చూసి మీకు అనుమానం రావడం న్యాయమే. ఏరువాకలోని ఏరుకీ నీళ్లకీ సంబంధం లేదు. ఇక్కడ ఏరు అంటే దున్నడానికి ఎడ్లను కట్టి సిద్ధం చేసిన నాగలి. కోస్తాలో ఇప్పుడు 'అరక' అంటున్నామే, అదే.

పాతకాలంలో ఈ రెండు మాటల్నీ ఎవరూ కలగలిపేవారు కారు. నదిని బండి ఱ తో 'ఏఱు' అని, నాగలిని మామూలు ర తో 'ఏరు' అని రాసేవారు. బండి ఱ వాడుకలోంచి పోయాక రెండూ ఒకేలా కనబడుతున్నాయి. తమిళంలో ఆ తేడా నేటికీ ఉంది. నదిని ఆఱు అంటారు, నాగలిని ఏర్ అంటారు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లొచ్చేవాళ్లకి అడయారు తెలుసు కదా, దాని చివర ఉన్నది మన ఏఱే. కండలేరు, పాలేరు, మన్నేరు కూడా ఆ ఏఱు బాపతే. ఏరువాక మాత్రం ఏర్ వైపు చుట్టం.

వాకకి ప్రవాహమన్న అర్థం ఉన్నమాట నిజమే. కానీ ఏరువాకను ముక్కలు చేయకుండా ఒకే మాటగా చూడాలి. దాని అర్థం తొలి దుక్కి, సేద్యం మొదలుపెట్టడం. వాడుకే చూడండి: 'రైతులు ఏరువాక సాగారు' అంటాం. సాగేది రైతు, వాగు కాదు.

ఆనాటి ముచ్చటంతా ఎడ్లదే. పొద్దున్నే చెరువులో దింపి, గడ్డితో రుద్ది కడుగుతారు. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, నొసట పసుపూ కుంకుమా. నాగలికి పూజ చేసి, ఎడ్లకు పొంగలి పెట్టి, ఆ తర్వాత ఒక్క చాలయినా దున్నుతారు. కొన్ని ఊళ్లలో నారతో తోరణం కట్టి, దాన్ని చెర్నాకోలలతో కొట్టి తెంపుతారు. కన్నడిగులు ఈ పున్నమినే కార హుణ్ణిమె అంటారు, వాళ్లకీ ఇది ఎడ్ల పండగే. ఒంగోలు గిత్తలు పుట్టిన నేల మనది. ఆ జాతిని బ్రెజిల్ దేశంలో ఇప్పటికీ నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. అలాంటి చోట ఏరువాకను వాగుల పండగ అనుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక నెల పేరు. పున్నమి నాడు చంద్రుడు జ్యేష్ఠా నక్షత్రం దగ్గర ఉండే నెల కాబట్టి జ్యేష్ఠం. కార్తెకి పేరు వచ్చేది సూర్యుడున్న నక్షత్రాన్ని బట్టి. పున్నమి రోజు సూర్యచంద్రులు ఎదురెదురుగా ఉంటారు. రోహిణి, జ్యేష్ఠ కూడా ఆకాశంలో దాదాపు ఎదురెదురు చుక్కలే. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఈ నెల చుట్టుపక్కలే రావడానికి కారణం అదే.

'జేష్టం' తప్పే. జ్యేష్ఠ అంటే అందరిలోకీ పెద్ద అని. 'అందరిలోకీ' అన్న అర్థాన్నిచ్చే సంస్కృత ప్రత్యయం 'ఇష్ఠ'. దానితో ఏర్పడిన శ్రేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ, బలిష్ఠ అన్నిటికీ ఠ వత్తే. కష్టం, నష్టం, ఇష్టం వేరే దారిన వచ్చిన మాటలు, వాటికి ట వత్తు. వధూవరులిద్దరూ తొలిచూలు బిడ్డలైతే ఈ నెలలో పెళ్లి వద్దంటారు, మూడు జ్యేష్ఠలు కలుస్తాయని. ఏ నెలలో పెళ్లయినా సరే, శుభలేఖలో 'జ్యేష్ఠ పుత్రుడు' అని వేయించేటప్పుడు ప్రూఫు మీరే ఒకసారి చూసుకోండి. ప్రెస్సులో ఎక్కువగా జారిపోయేది ఈ ఠ వత్తే.