జనరేటింగ్ ఫంక్షన్‌తో ఒక బహుపదుల కుటుంబాన్ని సాధారణీకరించడం అంటే ఏమిటి?

బహుపదులను ఒక్కొక్కటిగా పట్టుకుని మార్చరు. వాటన్నిటినీ పుట్టించే ఒక్క సూత్రంలో, అంటే జనరేటింగ్ ఫంక్షన్‌లో, చిన్న మార్పు చేస్తారు, అంతే.

లెజాండ్ర్ బహుపదులనే చూడండి. 1 − 2ఎక్స్‌టీ + టీ² అనే సమాసాన్ని −1/2 ఘాతానికి ఎత్తి, టీ ఘాతాల శ్రేణిగా విస్తరిస్తే, గుణకాలుగా వచ్చేవి అవే. 1780లలో ఫ్రెంచ్ గణితవేత్త లెజాండ్ర్ గురుత్వాకర్షణ లెక్కల్లో వీటిని చూశాడు. ఆ 1/2 ఉన్నచోట లామ్డా అనే ఏదైనా సంఖ్య పెట్టండి. ఇప్పుడు వచ్చేవి గెగెన్‌బావర్ బహుపదులు. గెగెన్‌బావర్ 19వ శతాబ్దపు ఆస్ట్రియా గణితవేత్త.

టీ² గుణకాన్ని చేత్తో తీసి చూడండి: 2లామ్డా(లామ్డా + 1)ఎక్స్² − లామ్డా. లామ్డా 1/2 అయితే (3ఎక్స్² − 1)/2, అంటే మన పాత లెజాండ్ర్. లామ్డా 1 అయితే 4ఎక్స్² − 1, ఇది రెండో రకం చెబిషెవ్ బహుపది, మరో పేరున్న కుటుంబానిది. రెండు వేరు వేరు కుటుంబాలు అనుకున్నవి ఒకే ఇంటివాళ్లని తేలింది!

లామ్డా 0 దగ్గర మాత్రం జాగ్రత్త. నేరుగా 0 పెడితే మొదటిది తప్ప అన్నీ సున్నా అయిపోతాయి. ముందు లామ్డాతో భాగించి, తర్వాత అవధి తీసుకోవాలి. అప్పుడు పై గుణకం 2ఎక్స్² − 1 అవుతుంది, అది మొదటి రకం చెబిషెవ్.

నా దృష్టిలో అసలు లాభం శ్రమ తగ్గడం. జనరేటింగ్ ఫంక్షన్‌ని టీ పరంగా ఒకసారి అవకలనం చేసి గుణకాలు పోల్చితే, వరుసగా మూడు బహుపదులను కలిపే సంబంధం లామ్డాతో సహా వచ్చేస్తుంది. ప్రతి కుటుంబానికీ మళ్లీ మొదటినుంచి నిరూపించే పని ఉండదు.