పూతను మాడ్చింది మంచు కాదు, తేనెమంచు పురుగు

ప్రశ్న: నున్న దగ్గర మాకు ఆరెకరాల బంగినపల్లి తోట ఉంది. చెట్ల వయసు ఇరవై ఏళ్ల పైమాటే. జనవరిలో పూత విరగబూసింది. నెలాఖరులో వారం రోజులు పొద్దున ఎనిమిదింటిదాకా మంచు దట్టంగా పడింది. ఆ తర్వాత పూత నల్లబడి రాలిపోతోంది. ఒహాయోలో ఉండే మా అబ్బాయి ఫొటోలు చూసి ఇది ఫ్రాస్ట్ అన్నాడు. అక్కడ వసంతంలో ఆపిల్ పూత ఇలాగే పోతుందట, కిందటేడు వాళ్ల పెరట్లో టమాటా నారంతా ఒక్క రాత్రిలో పోయిందట. రాత్రిపూట స్ప్రింక్లర్లతో చెట్లు తడపమంటున్నాడు. షాపులో మంచు దెబ్బకని నాలుగు మందులు కలిపి ఇచ్చారు. డిసెంబరు నుంచి ఐదుసార్లు కొట్టాం. మిగిలిన పిందెనైనా నిలబెట్టుకోవాలంటే ఏం చేయాలి?
– ఓ రైతు, విజయవాడ రూరల్

జవాబు: ముందు స్ప్రింక్లర్ల ఆలోచన మానేయండి. మీ తోటలో ఫ్రాస్ట్ పడలేదు. ఫ్రాస్ట్ పడాలంటే ఆకు మీది తేమ గడ్డకట్టాలి, అంటే సున్నా డిగ్రీలకు దిగాలి. విజయవాడలో సంక్రాంతి చలిలో కూడా అంత దూరం పోదు. మనం మంచు అనేది పొగమంచుని. మీ అబ్బాయి చెప్పింది ఆ దేశానికి సరైన మాటే. విచ్చుకున్న ఆపిల్ పూత మైనస్ 2.2 డిగ్రీల దగ్గర అరగంట ఉంటే పదో వంతు పోతుంది, మైనస్ 3.9కి దిగితే పదింట తొమ్మిది వంతులు పోతుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి పువ్వును కాపాడుతుంది కాబట్టి వాళ్లు తడుపుతారు, ఆ గడ్డ కరిగేదాకా ఆపరు. మీరు మామిడి పూత మీద అదే చేస్తే పుప్పొడి కొట్టుకుపోయి, పైగా ఆంత్రాక్నోస్ తెగులు వస్తుంది.

ఇక అసలు సంగతి. మీ ఫొటోలో ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, కింది కొమ్మల్లో మసి పట్టింది. చలికి మసి పట్టదు. పొద్దున్నే ఓ పూగుత్తి కింద తెల్ల తువాలు పట్టి గట్టిగా దులపండి. గోధుమరంగు పురుగులు చిటపటమని ఎగిరిపడితే అవి తేనెమంచు పురుగులు. రసం పీల్చి, తేనెలాంటి జిగురు వదులుతాయి, ఆ జిగురు మీద మసి పెరుగుతుంది. అదే గుత్తి కాడను వేలితో రుద్దండి. తెల్ల పొడి అంటితే బూడిద తెగులు కూడా ఉన్నట్టే. మంచుకి సంబంధం లేదనను. మబ్బు, తేమ, కొమ్మలు కలిసిపోయిన పాత తోట, ఈ మూడూ వీటికి పుట్టిల్లు.

మీరు పంపిన బిల్లు చూశాక కోపం వచ్చింది. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు, ఇమిడాక్లోప్రిడ్, ఒక తెగులు మందు, ఏముందో రాయని టానిక్, అన్నీ ఒకే ట్యాంకులో! అదీ పూత నిండా విచ్చుకున్నప్పుడు రెండుసార్లు. మామిడిలో పరాగ సంపర్కం ఎక్కువగా ఈగలతోనే జరుగుతుంది. ఈగల్ని చంపుకున్న తోటలో పిందె ఎక్కణ్నుంచి వస్తుంది? షాపతను పురుగును చూడలేదు, చెట్టునూ చూడలేదు, మీ జేబు చూశాడు. ఇకమీదట ముందు కొమ్మ పట్టుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి, మందు పేరు కాగితం మీద రాయించుకున్నాకే షాపు మెట్లెక్కండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక్క స్ప్రే. పిందె బఠాణీ గింజంత అయి, మిగతా పూత రాలాక, బుప్రోఫెజిన్ 25 ఎస్.సి. లీటరు నీటికి 1.25 మి.లీ. చొప్పున సాయంత్రం పూట కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ మళ్లీ వద్దు, ఇప్పటికే ఎక్కువైంది. చెట్టుకు పది లీటర్లకు తగ్గకుండా, మొదలు బెరడు పగుళ్లు కూడా తడవాలి, పురుగులు దాక్కునేది అక్కడే. ఈ మందు పిల్ల పురుగుల మీద నిదానంగా పనిచేస్తుంది. మర్నాడే చావలేదని మళ్లీ షాపుకు పరుగెత్తకండి. వేలికి బూడిద అంటితేనే హెక్సాకొనజోల్ 5 శాతం మందు లీటరుకు 1 మి.లీ. కలపండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. బూడిద తెగులుకు గంధకం కూడా కొడతారు గానీ, ఎండ 35 డిగ్రీలు దాటాక దాని జోలికి పోవద్దు, పిందె మాడుతుంది.

మసికి మందు అక్కర్లేదు. కిలో మైదా ఐదు లీటర్ల నీటిలో ఉడికించి, చల్లారాక 20 లీటర్లు చేసి, మబ్బు లేని రోజున కొట్టండి. మైదా పొర ఎండి, మసితో సహా పెచ్చులుగా రాలిపోతుంది.

పిందె బఠాణీ సైజు దాటాక తేలికపాటి తడితో మొదలుపెట్టి 10–15 రోజులకోసారి నీళ్లివ్వండి. రాలుడు మరీ ఎక్కువైతే పిందె నిలిపే హార్మోను మందు ప్లానోఫిక్స్ 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపి కొట్టండి, అంతకు మించితే ఉన్న పిందె కూడా రాలుతుంది. కొంత రాలుడుకు టెన్షన్ పడకండి, వెయ్యి పూలకు ఒక్క కాయ చేతికొచ్చినా మామిడిలో మంచి కాపే. కోత అయ్యాక లోపలి కొమ్మలు తీయించి వెలుతురు పడనివ్వండి. వచ్చే డిసెంబరులో పూమొగ్గ బయటికొచ్చి విచ్చుకోకముందే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టండి.

మీ అబ్బాయికి చెప్పండి: అక్కడ టమాటా నారు మే రెండో వారం దాటేదాకా బయట నాటొద్దు. ముందే నాటేస్తే, చలి రాత్రి ముందు సాయంత్రమే పాత దుప్పటి నేలకు ఆనేలా కప్పి, ఎండ వచ్చాక తీసేయాలి. ప్లాస్టిక్ షీటు మాత్రం ఆకుకు తగలనివ్వకూడదు, తగిలిన చోట మాడుతుంది.